దండెం కింది పైపులు

రేకు మేస్త్రికి నోరు పడిపోయి పదకొండు నెలలైంది. తినడానికి, ఆవలించడానికి ఆ నోరు బాగానే పనికొస్తోంది. పోయింది మాట ఒక్కటే. ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. తీసుకుందామని వంగితే కుడిచెయ్యి రానంది. భార్యను పిలుద్దామంటే పిలుపు రానంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మిగిలినవి రెండే: ఎడమచెయ్యి, "అదీ" అనే ఒక్క ముక్క. ఆకలేసినా అదీ, కోపమొచ్చినా అదీ. ముందు ఆయన ఏం అడుగుతున్నాడో ఇంట్లోవాళ్ళు ఊహించడానికి తంటాలు పడ్డారు. తర్వాత ఊహించడం అలవాటైంది. ఆ తర్వాత తాము ఊహించిందే ఆయన అడిగినట్టు లెక్క.

నిజానికి ఒళ్ళు బాగున్నప్పుడు కూడా ఆయన మాటలపోగు కాదు. గుద్దుకుని నలిగిన కార్లకి మళ్ళీ రూపం తెప్పించే పని ఆయనది. ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు కొట్టి, "ఇక్కడ రేకు లేదు, ఉన్నదంతా పుట్టీ. నీకు అమ్మినవాడు నిన్ను నిలువునా ముంచాడు" అని చెప్పేసేవాడు. ఒక కన్ను మూసి బానెట్ మీదుగా చూస్తే చాలు, బండి ఎప్పుడో ఎక్కడో తిన్న దెబ్బ ఆయనకి దొరికిపోయేది. ఎలా తెలిసిందయ్యా అని అడిగితే మాత్రం, "చేతిలో ఉంది" అని ఊరుకునేవాడు.

చేతిలో ఉన్నదాన్ని గుప్పిట మూసి పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. మొదట్లో షెడ్డులో తోడల్లుడు కూడా ఉండేవాడు. నాలుగేళ్ళు ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. పని మొత్తం వంటబట్టాక ఆ తోడల్లుడు రెండు వీధుల అవతల బోర్డు కట్టాడు. బోర్డు మీద "అసలైన పనితనం" అని రాయించాడు. ఆ "అసలైన" అన్న మాట మేస్త్రి గుండెల్లో మేకులా దిగింది. అప్పటినుంచి ముఖ్యమైన కోత ఏదైనా ఉంటే షెడ్డు షట్టరు సగం దించేసేవాడు. సొంత కొడుకులైనా సరే, "పోయి అన్నం తినిరండి" అని పంపించేసేవాడు. వాళ్ళు తిరిగొచ్చి షట్టరు బయట నిలబడితే లోపల కనిపించేవి నాన్న పాదాలు మాత్రమే. మిగతా నాన్న ఏం చేస్తున్నాడో వాళ్ళకి తెలిసేది కాదు.

పెద్దోడు పదిహేనో ఏట షెడ్డులోకి వచ్చి పదిహేడేళ్ళు అక్కడే పనిచేశాడు. సుత్తి, గ్యాసు, పుట్టీ, రంగు అన్నీ నేర్చుకున్నాడు. షట్టరు వెనక జరిగింది మాత్రం నేర్చుకోలేదు. చివరికి విసుగెత్తి సొంతంగా గేట్లు, కిటికీ గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. చిన్నోడు చదువుకుని టైల్స్ షోరూములో చేరాడు. అన్నదమ్ములకి ఆరేళ్ళుగా మాటల్లేవు. దానికి కారణం వింటే నవ్వొస్తుంది. చిన్నోడు తన ఆఫీసువాళ్ళ దగ్గర "మా అన్నయ్యకి ఇంజనీరింగ్ వర్క్స్ ఉంది" అన్నాడు. పెద్దోడు పక్కనుంచి విన్నాడు. "వెల్డింగ్ అంటే నోరు పడిపోతుందా నీకు?" అని ఆ నలుగురి ముందే అడిగేశాడు. అంతే. ఐదేళ్ళ తర్వాత నోరు పడిపోయింది వాళ్ళ నాన్నకి.

షెడ్డు మూలన గోనెపట్టాల కింద పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి ఉండేది. బారుగా, వెనకంతా గదిలా ఉండే బండి. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని ఎవరో తుక్కుకింద వదిలేస్తే మేస్త్రి ఈడ్చుకొచ్చి, ఏడాదిపాటు కూర్చుని మనిషిని చేశాడు. అందులో అన్నిటికంటే వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా పిల్లలిద్దరూ అందులో కూర్చుని, వెనకొచ్చే బళ్ళవాళ్ళని వెక్కిరించేవాళ్ళు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, బండి మూలపడింది, తుప్పు తన పని తాను చేసుకుపోయింది.

ఆయన మనసు దేనిమీదైనా పెట్టేలా చూడమని డాక్టరు అన్నప్పుడు వ్యాగన్ సంగతి ఎత్తింది ఆయన భార్యే. "ఆదివారాలు ఇద్దరూ వచ్చి ఆ బండిని బాగుచెయ్యండిరా. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తారు" అంది. తల్లి అడిగితే కాదనలేక ఇద్దరూ వచ్చారు. పెద్ద కోడలు కుట్టుపని చేస్తుంది, సీటు కవర్లు తన పూచీ అంది. మేస్త్రికి చేతుల కుర్చీ ఒకటి షెడ్డు గుమ్మానికి దగ్గరగా వేశారు. అక్కడినుంచి లోపల బండీ కనిపిస్తుంది, బయట పెరడూ కనిపిస్తుంది.

మొదటి మూడు ఆదివారాలు అన్నదమ్ములు ఆయన మీదుగా మాట్లాడుకున్నారు.

"నాన్నా, పద్నాలుగో నంబరు పానా ఇమ్మని చెప్పు వాడికి."

"నాన్నా, పానా ఆయన కాలికిందే ఉంది. ఒకసారి కిందికి చూడమను."

"అబ్బో, చదువుకున్నవాళ్ళకి కాలికిందవి కూడా కనిపిస్తాయే! నేను షోరూముల్లోవే కనిపిస్తాయనుకున్నాను నాన్నా."

మేస్త్రి "అదీ" అన్నాడు. ఆ తీర్పు తన వైపే వచ్చిందని ఇద్దరూ అనుకున్నారు.

నాలుగో ఆదివారం గేర్ బాక్సు దించుతుంటే పట్టు జారింది. "ఒరేయ్, చెయ్యి తియ్!" అని పెద్దోడు అరిచాడు. చిన్నోడు చెయ్యి లాక్కున్నాడు. బాక్సు దభీమని నేల మీద పడింది. 

"వేళ్ళున్నాయా?" అన్నాడు పెద్దోడు.

"ఉన్నాయి. లెక్కపెట్టుకున్నాను."

"ఎందుకైనా మంచిది, మళ్ళీ లెక్కపెట్టుకో. మీ షోరూములో బిల్లులు రాయాలిగా."

చిన్నోడు నవ్వేశాడు. ఆ రోజునుంచి మాటలు నేరుగా నడిచాయి. వెనక సీటు విప్పినప్పుడు దాని కింద రేకు మీద మేకుతో గీసిన గీత ఒకటి బయటపడింది. ఇటువైపు అన్నయ్యది, అటువైపు తమ్ముడిది. గీత దాటినవాడికి దెబ్బలు. చిన్నోడు దాని మీద వేలు పెట్టి, "ఇది రుద్దొద్దు అన్నయ్యా" అన్నాడు. "రుద్దను. కానీ నీ కాలు ఇప్పుడు కూడా నా వైపే ఉంది" అన్నాడు పెద్దోడు.

కుర్చీలో మేస్త్రి ఈ మాటలు విన్నాడు. బండి బాగుపడుతుందా లేదా అన్నది ఆ క్షణం నుంచి ఆయనకి రెండో సంగతైపోయింది. బండి ఉన్నన్నాళ్ళు ఆదివారం ఉంటుంది. ఆదివారం ఉన్నన్నాళ్ళు వీళ్ళిద్దరూ ఒక కప్పు కింద ఉంటారు. ఆయనకి కావలసింది అంతే. అది కూడా ఆయన చేతిలో లేదు.

ఎనిమిదో ఆదివారానికి తలుపులు నాలుగూ విప్పి రంగు గీకించడానికి పంపారు. మిగిలింది బోలు బండి, ముందూ వెనకా స్టాండ్ల మీద. పెద్దోడు కింద పడుకుని చూసి, తలుపుల కింద పొడవునా ఉండే ఇనప పట్టీలు రెండువైపులా పూర్తిగా కుళ్ళిపోయాయని తేల్చాడు.

"వచ్చేవారం కోసి కొత్తవి అతికించేద్దాం. పట్టీలు నా షాపులోనే వంచుకొస్తాను" అన్నాడు.

మేస్త్రి కుర్చీలో నిటారుగా లేచాడు.

ఈ బండికి కింద వేరే చట్రం లేదు. ఒళ్ళే ఎముక. ఆ పట్టీలు కోసిన క్షణాన నడుం కిందికి కూరుకుపోతుంది, కంటికి కనిపించనంత మెల్లగా. అందుకే కోతకి ముందు, కప్పుని మోసే స్తంభాల్లో ముందరి దాని నుంచి వెనక దాని దాకా అడ్డంగా ఒక పైపు అతికించాలి. పట్టీ పడ్డాక దాన్ని కోసి తీసెయ్యాలి. మచ్చ రుద్ది, మీద రంగు కొట్టాలి. షట్టరు వెనక ముప్పై ఏళ్ళు దాచిన పనితనం అంతా ఇదే. గంట పని. చెప్పడానికైతే రెండు వాక్యాలు.

"అదీ!" అన్నాడు మేస్త్రి. "అదీ! అదీ!"

"అదే నాన్నా, వచ్చేవారం అదే పని" అన్నాడు పెద్దోడు.

వ్యాగన్ కోసం ఆనాడు కోసిన పైపులు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. సొంత బండివి కదా అని అటక మీద దాచుకున్నాడు. మనిషి కంటే కాస్త పొడవు. చివర్లలో వెల్డింగ్ కాలిన నల్లటి మచ్చలు. ఒకదానికి ఒక రంపపు గీత, అది ఎడమవైపుది. రెండో దానికి రెండు. ఆయన ఆస్పత్రిలో ఉండగా పెరట్లో బట్టల దండెం తడి బరువుకి నేలను తాకుతోందని, ఆయన భార్య అటక వెతికి వాటిని దించి, దండెం కింద ఊతంగా నిలబెట్టింది. పదకొండు నెలలుగా ఇంటిల్లిపాదీ ఆ పైపుల మధ్యనుంచే తిరుగుతున్నారు. అవేమిటో ఒక్కరికీ తెలియదు. తెలిసిన మనిషి "అదీ" అంటాడు.

బుధవారం ఆయన భార్య చెయ్యి పట్టుకుని దండెం దగ్గరికి లాక్కెళ్ళి, పైపు పట్టుకుని ఊపాడు.

"ఏంటండీ, చొక్కా కావాలా? ఇది ఇంకా ఆరలేదు" అంది ఆవిడ. ఆయన మళ్ళీ ఊపాడు. ఆవిడ ఇంట్లోంచి పొడి చొక్కా తెచ్చి, కుడిచేతిని జాగ్రత్తగా దూర్చి, బొత్తాలు పెట్టి, "ఇప్పుడు చూడండి, పెళ్ళికొడుకులా ఉన్నారు" అంది. ఆయన ఆ చొక్కాతో ఒక గంట అలాగే నిలబడ్డాడు.

శుక్రవారం సుద్దముక్క సంపాదించి ఎడమచేత్తో గీయబోయాడు. పైపు ఉండాల్సింది తలుపులు విప్పిన ఖాళీలో. గాలి మీద గీత ఎక్కడ గీస్తాడు? నేల మీద ఏదో గీశాడు. అది వంకర్లు తిరిగి పాములా వచ్చింది. భార్య చూసి పాము వచ్చిందేమోనని షెడ్డంతా ఊడ్పించింది.

ఆదివారం వచ్చింది. పెద్దోడు రేకు కోసే గ్రైండరు వైరు గుచ్చాడు. మేస్త్రి ఎడమచెయ్యి చాచి పెరట్లోకి చూపించాడు.  ఆ పదకొండు నెలల్లో అంత నిక్కచ్చిగా ఆయన దేన్నీ చూపించలేదు.

"మావయ్య ఏదో చెప్తున్నారు, ఒక్క నిమిషం ఆగండి" అంది పెద్ద కోడలు, సీటు కవరు మీదనుంచి తలెత్తి.

అందరూ ఆయన చెయ్యి వెంట చూశారు. పెరడు. దండెం. దాని నిండా దుప్పట్లు.

"వాన వస్తుందంటున్నారు!" అంది భార్య. "బట్టలు తియ్యమంటున్నారు."

"మబ్బే లేదు కదే అమ్మా" అన్నాడు చిన్నోడు.

"మీకేం తెలుసురా, ఆయనకి గాలి వాసన తెలుస్తుంది." ఆవిడ పరుగున వెళ్ళి దుప్పట్లన్నీ తీసేసింది.

ఇప్పుడు దండెం మీద ఏమీ లేదు. ఎండలో రెండు పైపులు మాత్రం నిలబడి ఉన్నాయి. ఇంతకంటే విడమర్చి నోరున్నవాడు కూడా చెప్పలేడు. మేస్త్రి ఇంకోసారి చెయ్యి చాచాడు.

"తీసేశానండీ, అన్నీ తీసేశాను" అంది ఆవిడ, చంకలో దుప్పట్లతో.

గ్రైండరు మోగింది. మేస్త్రి కుర్చీ చెయ్యి ఊతంగా లేచి, కాలీడ్చుకుంటూ వెళ్ళి, కొయ్యబోయే పట్టీ మీద అరచెయ్యి వేశాడు. పెద్దోడు గ్రైండరు ఆపాడు. నాన్నని చంకల కింద పట్టి, మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్ళి, కుర్చీని ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిపి కూర్చోబెట్టాడు. "నిప్పురవ్వలు పడతాయి నాన్నా. నీకు చెయ్యాలని ఉంటుంది, నాకు తెలుసు" అన్నాడు. ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, మేస్త్రికి కొడుకుని కొట్టాలనిపించింది.

కోత సగానికి వచ్చినప్పుడు బండి లోపలెక్కడో టిక్కుమంది. గ్రైండరు హోరులో ఆయనకి తప్ప ఎవరికీ వినపడలేదు. మేస్త్రి ఒక కన్ను మూసి కప్పు అంచు మీదుగా చూశాడు. గోరంత దిగింది. రెండోవైపు కోసేసరికి ఇంకా దిగింది.

అరగంటకి నిజంగానే వాన కొట్టింది. ఇంటిల్లిపాదీ ఆయన వైపు నోళ్ళు తెరిచి చూశారు. "చూశారా! మా నాన్న మాట్లాడకపోయినా రేడియో కంటే నయం" అన్నాడు పెద్దోడు. భార్య గర్వంగా ఆయన తల నిమిరింది.

తర్వాతి నెలంతా ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత సంతోషంగా గడిచింది. పెద్దోడు కొత్త పట్టీలు అతికించాడు. ఆ అతుకు చూస్తే కళ్ళకద్దుకోవాలి, మేస్త్రి చెయ్యి కూడా ఎప్పుడూ అంత నున్నగా వెయ్యలేదు. అంత గట్టి పనితనంతో ఆ వంకరని శాశ్వతం చేశాడు. అన్నదమ్ములు ఒకే డబ్బాలో తిన్నారు. చిన్నోడు తన షోరూములో ఎవరో అడిగితే, "మా అన్నయ్య వెల్డర్" అని చెప్పాడట. ఆ సంగతి తనే వచ్చి చెప్పాడు. పెద్దోడు విననట్టు నటించి, తన భార్యకి మాత్రం రెండుసార్లు చెప్పాడు. ఇదంతా చూస్తూ మేస్త్రి ఒక్కటే కోరుకునేవాడు: తలుపులు రంగులవాడి దగ్గరే ఉండిపోవాలి. ఆ రంగులవాడికి పనెక్కువై, నెలలు గడిచిపోవాలి.

తలుపులు చెప్పిన రోజుకే వచ్చాయి. నీలం రంగు, అద్దంలా మెరుస్తున్నాయి.

మొదటి తలుపు బిగించి మూస్తే పై మూల స్తంభానికి తగిలి ఆగింది. కింద రెండు వేళ్ళ సందు. కీళ్ళు వదులు చేశారు, బిగించారు, రేకుముక్కలు పెట్టారు. రెండో తలుపూ అంతే. అటువైపు రెండూ అంతే. మధ్యాహ్నానికి కొత్త రంగు మీద నాలుగు గీతలు పడ్డాయి.

"ఆ రోజు స్టాండు సరిగ్గా పెట్టమన్నాను నిన్ను" అన్నాడు పెద్దోడు.

"నువ్వు చెప్పినచోటే పెట్టాను."

"చెప్పినచోట పెడితే ఇలా ఎందుకవుతుంది?"

"కోసింది ఎవరు అన్నయ్యా? నేనా? నాకు తెలిసింది టైల్సు. నీదేగా ఇంజనీరింగ్ వర్క్స్!"

కోడలి చేతిలో సూది ఆగిపోయింది. మేస్త్రి "అదీ" అన్నాడు. ఎవరూ వినలేదు. పెద్దోడు ముఖం కందిపోయింది. స్తంభాన్ని ఎగదన్నడానికి ఏదైనా దొరుకుతుందేమోనని విసురుగా పెరట్లోకి వెళ్ళి, దండెం కింది పైపు ఒకటి లాగాడు. ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడ్డాయి. "నా బట్టలురా!" అని తల్లి కేకేసింది. వాడు పైపుతో వచ్చి తలుపు ఖాళీలో అడ్డంగా పెట్టి, ఒక చివర ముందరి స్తంభానికి ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు.

ఈమధ్యే రంగు గీకిన స్తంభం మీద పాత కాలిన మచ్చ ఒకటి ఉంది. పైపు చివర ఉన్న మచ్చ దాని మీద సరిగ్గా కూర్చుంది. రెండో చివర చూశాడు. వెనక స్తంభం మీద కూడా అలాంటి మచ్చ ఉంది. పైపు దాన్ని దాటి రెండు వేళ్ళు అవతలికి పొడుచుకొచ్చింది. తలుపు పట్టనిది కూడా సరిగ్గా ఆ రెండు వేళ్ళే.

వాడు పైపుని దించలేదు. అలాగే పట్టుకుని నాన్న వైపు తిరిగాడు. 

"షట్టరు దించి చేసింది ఇదా?"

మేస్త్రి తల దించుకున్నాడు.

"పదిహేడేళ్ళు నాన్నా. పదిహేడేళ్ళు నీ షట్టరు బయట నిలబడ్డాను. నేను కూడా బోర్డు కట్టుకుపోతాననుకున్నావా?"

చిన్నోడికి మొదట అర్థం కాలేదు. పైపునీ మచ్చనీ మార్చి మార్చి చూశాక అర్థమైంది. వచ్చి అన్న పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే చూపు చూశారు, ఇద్దరిదీ తల్లి పోలికే. మేస్త్రి కోరుకున్నట్టే కొడుకులు ఒక్కటయ్యారు. ఎదురుగా ఉన్నది తను.

ఆయన దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది. చూపించానని, బుధవారం చూపించానని, శుక్రవారం, ఆదివారం చూపించానని. అంతకుముందు ముప్పై ఏళ్ళు చూపించలేదని. ఆయన నోట్లో ఉన్నది ఒక్కటే ముక్క. ఆ ముక్క కూడా ఆయన అనలేదు.

"మళ్ళీ కొయ్యొచ్చా అన్నయ్యా?" అన్నాడు చిన్నోడు.

"కొయ్యాలి. నడుం లేపి, ఈ పైపులు పట్టించి, మళ్ళీ అతకాలి. ముందు జాకీ ఎక్కించాలో, ముందు కోత పెట్టాలో..." పెద్దోడు అలవాటుకొద్దీ నాన్న వైపు చూడబోయి మానేశాడు. "చూద్దాంలే. మనమే చూసుకుందాం."

ముందు కోత. మేస్త్రి ఒళ్ళంతా ఆ ఒక్క మాటైపోయింది. ముందు అతుకు విప్పాలి, తర్వాతే జాకీ. అతుకు పట్టి ఉండగా కిందనుంచి లేపితే కప్పు చిట్లుతుంది. ఎడమవైపుకి ఒక గీత పైపు, కుడివైపుకి రెండు గీతలది.

చిన్నోడు రెండో పైపు కూడా తెచ్చాడు. పెద్దోడు వచ్చి నాన్నని మునుపటిలాగే జాగ్రత్తగా లేపి, కుర్చీతో సహా పెరట్లోకి చేర్చాడు. "రవ్వలు అమ్మ బట్టల మీద పడతాయి" అని, ఎవరితో అన్నాడో తెలియకుండా అని, షట్టరు సగం దించేశాడు.

పెరట్లో ఆయన భార్య మట్టి పట్టిన దుప్పట్లు మళ్ళీ పిండి ఆరేస్తోంది. ఊతం లేని దండెం మధ్యలో నేలను తాకుతోంది. ఆవిడ ఒక చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆరేస్తూ, "పోనీలెండి, మళ్ళీ కలిసే చేస్తున్నారుగా" అంది.

షట్టరు కింద నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి. రెండు అటు వెళ్ళాయి, రెండు ఇటు. ఏ పైపు ఏ వైపు పోయిందో పాదాలను చూసి చెప్పలేం. మాటలు గుసగుసగా వినిపించాయి, మధ్యలో ఒక నవ్వు. తర్వాత బండి కిందకి ఏదో బరువైంది జరిగిన చప్పుడు. ఆ చప్పుడు మేస్త్రికి తెలుసు. జాకీ.

ఆయన కుర్చీ మీదనుంచి ముందుకి వాలి, వేలి కణుపుతో షట్టరు మీద రెండుసార్లు కొట్టాడు. ఆగి, ఇంకో రెండుసార్లు కొట్టాడు.

"ఉండు నాన్నా, అయిపోతుంది" అన్నారు లోపలనుంచి.

జాకీ పిడి కిర్రుమంది.